అతుకు పడని లోహము



మన పల్లెలలో సత్తుగిన్నె యనియు, కొన్ని తావుల సిల్వరుగిన్నె యనియు పిలువబడు పాత్ర లేని యిల్లు కానరాదు. అందు వెండి లేదు. సత్తు అనునది పూర్వము తగరము, సీసము కలిసిన లోహమునకు చెల్లిన పేరు. అదియు నిందు లేదు. అది అల్యూమినియము. పేరు ఏదైనను మన ముసలమ్మలకు దాని స్వభావము చక్కగా తెలియును. సత్తుగిన్నెలో చింతపండు పులుసు రాత్రియంతయు నుంచరు. ఉప్పు పోసి దాచరు. దాచినచో కొన్నాళ్లకు అడుగున సూదిమొనతో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు పడి, తుదకు గిన్నె చిల్లిపోవును. అట్టి గిన్నె చిల్లిపోయినప్పుడు కంచరివాని యొద్దకు కొనిపోయిన, రాగిబిందెను అతికినట్లు దీనిని అతుకుట తనవలన కాదని చెప్పి పంపివేయుటయు మీకు అనుభవమే.

పులుసునకు చెడుట యొకటి, అతుకు పడకపోవుట యొకటి - ఈ రెండును వేఱువేఱు దోషములుగ తోచును. నిజమునకు రెండింటి వేరును ఒక్కటే. ఆ యొక్క సంగతి పట్టుకొని నూఱేండ్లకు పైబడి పెనగులాడిన పనివారి చరిత్రను, 1991 వ సంవత్సరమున దొరికిన యొక క్రొత్త యతుకు విధానమును, ఆ యతుకునకు సైతము వెంటాడిన పాత పీడను నేడు మీకు మనవి చేసెదను.

మొదట ఈ లోహపు చర్మమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఇనుమునకు త్రుప్పు పట్టును, రాగికి చిలుము పట్టును, అల్యూమినియమునకు ఏమియు పట్టదని లోకులందురు. అది పొరపాటు. గాలిలోని ప్రాణవాయువుతో కలియుటకు ఇనుముకంటె అల్యూమినియమే ఎక్కువ ఆత్రపడును. గీచిన తోడనే, ఱెప్పపాటులో, ఆ గీతమీద నొక పొర ఏర్పడును. అయితే ఇనుపత్రుప్పు పొలుసులుగా రాలి లోపలి యినుమును మరల గాలికి అప్పగించును. ఈ పొర రాలదు, పగులదు, లోహమును గట్టిగా కఱచుకొని యుండును. దాని మందము ఎంతయనుకొందురు? అంగుళమును కోటి భాగములు చేసినచో అందొక భాగము, లేక కొంచెము హెచ్చు. ఇంత పలుచని చర్మము క్రింద నీ లోహము బ్రదుకుచున్నది. పులుసు దానిని కరగించును. ఉప్పు దానిలో నొకచోట రంధ్రము చేసి లోపలికి దారి తీయును. చర్మము చెడినచోట లోహము చెడును.

ఈ లోహము మట్టిలో విస్తారముగ నున్నను, మనుష్యులకు దాని మొగము కనబడి రెండువందల యేండ్లే యైనది. 1825 వ సంవత్సరమున డెన్మార్కు దేశస్థుడగు ఎర్‌స్టెడ్ పండితుడు మొట్టమొదట కొంచెము తీసెను. రెండేండ్లకు జర్మనీలో వోలర్ దానిని పొడిగా తీసెను. 1854 లో ఫ్రాన్సునందు డెవీల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కొంత ఎక్కువగ తీయు ఉపాయము కనుగొనగా, మరుసటి యేట పారిసు ప్రదర్శనములో ఆ కడ్డీలను చూచుటకు జనము మూగిరి. అప్పుడది రాజుల లోహము. 1884 లో అమెరికావారు వాషింగ్టను స్మారకస్తంభము కొనకు నూఱు ఔన్సుల అల్యూమినియపు శిఖను చేయించి, నిలుపుటకు ముందు న్యూయార్కులోని యొక ప్రసిద్ధమైన నగల దుకాణములో ప్రదర్శనకు ఉంచిరి. నేడు మనము అన్నము వార్చుకొను లోహమునకు నాడు నగల దుకాణములో పీట వేసిరన్నమాట.

రెండేండ్లలో ఆ వైభవము పోయినది. 1886 లో అమెరికాయందు హాల్, ఫ్రాన్సునందు ఎరూ అను నిద్దఱు యువకులు, ఒకరి నొకరు ఎఱుగకయే, విద్యుచ్ఛక్తితో అల్యూమినియమును చవుకగా తీయు ఒకే యుపాయమును కనిపెట్టిరి. చిత్రమేమనగా ఇద్దఱును పుట్టినది 1863 లో, ఇద్దఱును గతించినది 1914 లో. హాల్ తన యింటి కట్టెల కొట్టములో ప్రయోగములు చేయగా వాని యక్క జూలియా తోడుపడుచుండెను. వెల పడిపోయినది. 1898 లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర చెన్నపట్టణపు స్కూల్ ఆఫ్ ఆర్ట్సులో అల్యూమినియపు పాత్రలు చేయించుట కారంభించెను. 1900 లో ఆ పనికై చెన్నపట్టణముననే యొక కంపెనీ వెలసినది. నాటి మన రాజధానిలో సత్తుగిన్నె వంటయింటికి వచ్చిన త్రోవ యిది.

గిన్నెకు చాలునుగాని, స్వచ్ఛమగు అల్యూమినియము మెత్తన. చేతితో వంచవచ్చును. బరువులో ఇనుమునకు మూడవవంతే యగుటచే యంత్రనిర్మాతలకు దానిపై ఆశ; మెత్తనగుటచే నిరాశ. ఈ చిక్కును విప్పినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అను జర్మను లోహశాస్త్రజ్ఞుడు. బెర్లినునకు సమీపమున నొక పరిశోధనాలయములో తుపాకితూటాల గొట్టములకు ఇత్తడికి మాఱుగా పనికివచ్చు అల్యూమినియమును చేయుమని వాని కప్పగించిరి. ఉక్కును ఎఱ్ఱగ కాచి నీట ముంచినచో గట్టిపడును గదా, దీనిని అట్లే చేసి చూతమని, నూటికి నాలుగుపాళ్ల రాగియు, అరపాలు మెగ్నీసియమును కలిపిన అల్యూమినియమును కాచి చల్లార్చెను. గట్టిపడలేదు. చెప్పుకొను కథ ప్రకారము అది శనివారము. సగము కొలిచి, మిగత పని సోమవారమునకు వాయిదా వేసి యింటికి పోయిరట. సోమవారము వచ్చి కొలువగా నదే తునుక, ఎవరును తాకనిది, చాల గట్టిపడి యుండెను! కొలత యంత్రము చెడినదని మొదట అనుమానించిరి. కాదు, ఊరక యుంచిన కొలది, నాలుగైదు దినముల వఱకు, లోహము దానంతట నదియే ముదురుచున్నది. ఇది 1906 వ సంవత్సరపు మాట. 1909 లో డ్యూరెన్ అను పట్టణమందలి కర్మాగారము దీనిని చేయు హక్కును పొందినది. ఆ యూరిపేరు కలియునట్లుగా దీనికి డ్యూరాలుమిన్ అని పేరు వచ్చినది. జెప్పెలిన్ ఆకాశనౌకల ఎముకలగూడు దీనితోనే కట్టిరి. తరువాతి విమానములు చాలవఱకు దీని సంతతివే.

విల్మ్ ఎందుకిట్లగునో యెఱుగడు. రాగి అల్యూమినియములో కరగియుండి, మెల్లమెల్లగ కంటికి కనబడని గుంపులుగ చేరి, లోహపు పొరలు ఒకదానిపై నొకటి జారకుండ గట్టిగ పట్టుకొనుననియు, ఆ గుంపులు ఎక్స్ కిరణములకు తెలియుననియు 1938 లో ఫ్రాన్సులో గినియే, ఇంగ్లండులో ప్రెస్టన్ వేఱువేఱుగా చూపిరి. అప్పటికి విల్మ్ చనిపోయి యొక యేడు గడచినది. ఆయన చాలకాలము క్రిందటనే లోహముల పని విడిచి పల్లెకు పోయి వ్యవసాయము చేసికొనుచు జీవించెను. విమానయుగమునకు ఎముకలిచ్చినవాడు తుదకు మనబోటి కృషీవలుడై గతించుట ఎందుకో నాకు మఱపునకు రాదు.

ఇక పాత పీడ. రాగి బలమును తెచ్చినదిగాని చర్మమును చెఱిచినది. రెండు భిన్నలోహములు తాకుకొని యుండగా ఉప్పునీరు తగిలినచో విద్యుత్తు పుట్టును. టార్చిలైటు ఘటములో జరుగునది యిదియే. ఆ రెంటిలో నొకటి తరిగిపోవును. డ్యూరాలుమినులో రాగి గుంపులొకవైపు, అల్యూమినియము మఱియొక వైపు. కాబట్టి ఉప్పుగాలి తగిలినచో లోహము తన్ను తానే తినుట కారంభించును. పటికబెల్లమును పగులగొట్టినచో పలుకులు కనబడునట్లు ఏ లోహమైనను పలుకుల కూర్పే. ఈ క్షయము పలుకు మీద పడక, పలుకునకు పలుకునకు నడుమనున్న సందువెంట లోపలికి పోవును. పైకి రేకు నున్నగ మెఱయుచుండును. వంచినచో అప్పడమువలె విఱుగును. చెదపట్టిన ద్వారబంధము మీరు చూచియుందురు, పైన రంగు చెడదు, లోపల నుండునది డొల్ల. సరిగా నట్లే.

1920 తరువాతి దశాబ్దమున నీటివిమానములు చేసినవారికి ఇది ప్రాణసంకటమైనది. అమెరికాలో ప్రభుత్వ పరిశోధకులు విచారించి యొక ముఖ్యమగు సంగతి తేల్చిరి. కాచిన రేకును చన్నీట చప్పున చల్లార్చినచో కొంత నయము. వేడినీటనో నూనెలోనో మెల్లగ చల్లార్చినచో త్వరగ చెడును. ఏలన, మెల్లగ చల్లారునప్పుడు రాగికి తీరిక దొరకి పలుకుల సందులలోనికి చేరుకొనును. ఈ మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. తరువాత మరల కావలసి వచ్చును.

మందు రెండువిధముల దొరికినది. 1923 లో ఇంగ్లండునందు బెంగఫ్, స్టూవర్ట్ అనువారు క్రోమికామ్లములో విద్యుత్తును పంపి లోహపు సహజచర్మమునే వేలరెట్లు మందముగ పెంచిరి. 1927 లో అమెరికాయందు డిక్స్ అనునాతడు బలమైన రేకునకు రెండువైపుల స్వచ్ఛమైన అల్యూమినియపు రేకును కలిపి వేడిమీద నొత్తి ఏకము చేసెను. మన రాగిపాత్రకు కళాయి పెట్టినట్లే యిది. అయితే కళాయికి లేని గుణమొకటి దీనికి కలదు. కళాయి గీచుకొనిపోయినచోట రాగి బయటపడి చిలుము పట్టును. ఈ పైపొర గీచుకొనిపోయినను, గీతకు ఇరుప్రక్కల మిగిలిన స్వచ్ఛలోహము తాను తరిగిపోవుచు నడుమనున్న బలమైన లోహమును కాపాడును. నేటికిని విమానముల పైరేకు చాలవఱకు ఇట్టిదే.

రేకు బాగుపడినది. రేకును రేకుతో కలుపుట యెట్లు? కష్టమంతయు అచటనే కూర్చున్నది.

బండిచక్రమునకు వేయు ఇనుపపట్టాను మన కమ్మరి అతుకుట మీరెల్లరు చూచినదే. రెండు కొనలను కొలిమిలో తెల్లగ మెఱయువఱకు కాచి, ఇసుక చల్లి, దాగలిపై నొకదానిమీద నొకటి పెట్టి సమ్మెటతో కొట్టును. ఇనుము కరగి పాఱలేదు, మెత్తబడి యేకమైనది. ఇసుక యెందుకనగా పైనున్న త్రుప్పు కరగి జారిపోవుటకు. ఈ విద్య అల్యూమినియము దగ్గఱ సాగదు. మొదటిది, అది 660 డిగ్రీల వేడికే కరగును. ఆ వేడికి పగటివెలుతురులో ఎఱ్ఱబడి కనబడదు. చూచుచుండగనే, ఏ సూచనయు లేక, కుప్పకూలిపోవును. కమ్మరి కన్ను పనికిరాదు. రెండవది, ఆ కోటివంతు చర్మము. లోహము 660 డిగ్రీలకు కరగుచుండగా దాని చర్మము రెండువేల డిగ్రీలు దాటినగాని కరగదు. కనుక లోపల నీరైపోయిన రెండు ముక్కలు సైతము చర్మము అడ్డుండుటచే కలియవు, ఒకే కొలనులో తేలు రెండు నూనెసంచులవలె నుండును. సత్తుగిన్నెను అతుకనని కంచరివాడు చెప్పినది ఇందువలననే.

విద్యుత్తుతోను, జడవాయువుల కాపుతోను కరగించి యతుకు వెల్డింగు విధానములు 1940 ప్రాంతమునుండి వచ్చినవి. మెత్తని మిశ్రమములకు చాలినవి. విమానమునకు వలయు రాగిమిశ్రమములును, అంతకంటె బలమైన జింకుమిశ్రమములును కరగించి యతికినచో చల్లారునప్పుడే పగుళ్లిచ్చును; కరగిన లోహము గాలిలోని తేమనుండి ఉదజని వాయువును త్రాగి, గడ్డకట్టునప్పుడు దానిని కక్కగా బుడగలు మిగులును. కావున విమాననిర్మాతలు అతుకు మాట మాని రివెట్లకు దిగిరి. రేకుపై రేకు పెట్టి, రంధ్రము తొలిచి, మేకు దూర్చి, రెండవవైపు తల చదునుచేయుట. ఇందులోను విల్మ్ సోమవారము వచ్చి అడ్డుపడినది: రివెట్టును కాచి చల్లార్చిన కొద్దిసేపటికే అది తనంతట ముదిరి, కొట్టినచో చీలును. అందుచే కాచిన రివెట్లను మంచుపెట్టెలో దాచి, కావలసినపుడు గుప్పెడేసి తీసి, చల్లదనము పోకముందే కొట్టుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధమున కర్మాగారములందు వేలకొలది స్త్రీలు ఈ పని చేసిరి.

రివెట్టు అతుకు కాదు. అది బొత్తాము వంటిది. ప్రతి బొత్తామునకు ఒక రంధ్రము, ప్రతి రంధ్రముచుట్టు చర్మము తెగిన అంచు, రెండు రేకుల నడుమ తేమ నిలుచు సందు. ఒక్కొక్క విమానమున ఇట్టివి వేలు, లక్షలు. దీని ఫలము 1988 వ సంవత్సరము ఏప్రిలు 28 వ తేదీన లోకమునకు కనబడినది.

పసిఫిక్ సముద్రములో హవాయి దీవులు కలవు. ఒక దీవినుండి మఱియొక దీవికి బస్సువలె రోజునకు పలుమార్లు తిరుగు బోయింగు విమానమొకటి ఆనాడు హీలో నుండి హొనొలూలు నగరమునకు బయలుదేఱెను. అందు 95 మంది యున్నారు. అప్పటికది 19 యేండ్లుగ ఉప్పుగాలిలో తిరుగుచు దాదాపు 90 వేల మార్లు ఎగిరి దిగినది. ఎగిరిన ప్రతిసారియు లోపలి గాలి ఒత్తిడికి విమానపు పీపా ఉబ్బును, దిగినపుడు తగ్గును. రేకుల కీళ్లవద్ద రివెట్లతోపాటు జిగురును వాడియుండిరి. జిగురు పట్టు విడిచినది, సందులోనికి తేమ చేరినది, క్షయము సాగినది, బరువంతయు రివెట్లమీద పడి ప్రతి రంధ్రపు టంచునను పగులు పుట్టినది. 24 వేల అడుగుల యెత్తున ఒక రంధ్రపు పగులు ప్రక్క రంధ్రపు పగులుతో కలిసి, తల వెండ్రుకలు పాయ విడదీసినట్లు కీలు తెఱచుకొని, ముందుభాగపు టింటికప్పు 18 అడుగుల పొడవున ఎగిరిపోయెను. ప్రయాణికులు ఆకాశము క్రింద కూర్చుండిరి. అటునిటు తిరుగుచున్న యొక పరిచారిక గాలిలోనికి కొట్టుకొనిపోయినది. ఆమె శరీరము దొరకలేదు. విమానచోదకులు చెక్కుచెదరని గుండెతో మౌయీ దీవిలో దింపిరి. తక్కిన 94 గురును బ్రదికిరి.

తరువాతి విచారణలో నొక మాట బయటపడినది. విమానము ఎక్కునపుడు తలుపుప్రక్కన రేకులో నొక పగులును ఒక ప్రయాణికురాలు చూచినదట. చూచియు ఎవరితోను చెప్పలేదు. మనలో నెవరము చెప్పియుందుము?

అతుకవలెను, కరగింపరాదు. కమ్మరి ఇనుము విషయమున సాధించినదే అల్యూమినియము విషయమున సాధించవలెను. ఇంగ్లండునందు కేంబ్రిడ్జి నగరమునకు సమీపమున అబింగ్టన్ అను పల్లెయొద్ద అతుకువిద్యకే ప్రత్యేకమగు పరిశోధనసంస్థ యొకటి కలదు. 1991 వ సంవత్సరము డిసెంబరులో అచటి వేన్ థామస్‌యు వాని సహచరులును ఒక క్రొత్త విధానమునకు పేటెంటు కోరిరి. దానికి ఫ్రిక్షన్ స్టర్ వెల్డింగు అని పేరు. ఘర్షణమథనసంధానము అని మనము చెప్పుకొనవచ్చును; మాట పెద్దదిగాని పని మన యింటిలో దినమును జరుగునదే.

కవ్వమును తలంచుకొనుడు. గట్టి ఉక్కుతో చేసిన కవ్వము. కొనయందు చిన్న మేకు, మేకుపైన వెడల్పయిన భుజము. అతుకవలసిన రెండు పలకలను అంచునకు అంచు చేర్చి, క్రింద దిమ్మె వేసి, కదలకుండ బిగించుదురు. కవ్వము నిమిషమునకు వందలకొలది చుట్లు తిరుగుచు రెండంచుల నడుమకు దిగును. భుజము పైతలమును రాయుచుండగ రాపిడికి వేడిపుట్టి, లోహము నాలుగువందలు మొదలు అయిదువందల డిగ్రీలవఱకు కాగును. కరగదు; పెరుగుకాదు, వెన్న యగునంతే. మేకు ఆ మెత్తని లోహమును చిలుకుచు, ఇటుది అటు, అటుది ఇటు త్రిప్పి కలుపును. అప్పుడు కవ్వమును నాగలివలె గీతవెంట నడపుదురు. నాగటిచాలు విడిపోవును, ఈ చాలు వెనువెంటనే మూసికొనిపోయి యేకమగును. చర్మమును కరగింప నక్కఱలేదు. చిలుకునపుడు తునాతునకలై లోహములో కలిసిపోవును. కరగలేదు గనుక ఉదజని బుడగలు లేవు, చల్లారునప్పటి పగుళ్లు లేవు. వెలుగు లేదు, పొగ లేదు, పైనుండి పోయవలసిన లోహము లేదు. చిలికినచోట పలుకులు మునుపటికంటె సన్నపడును. పని ముగిసి కవ్వమును పైకి లాగినచోట మేకంత గుంటమాత్రము మిగులును. దానిని పనికిరాని అంచుమీదికి నడిపి కోసివేయుదురు.

అతుకు పడదని విడిచిన రాగిమిశ్రమము అతుకుపడినది. ప్రపంచము దీనిని అందుకొన్న తీరు విచిత్రము. మొదట వచ్చినవారు విమానములవారు కారు. స్వీడనులో చేపలను గడ్డకట్టించు పలకలకును, నార్వేలో ఓడల తట్టుపలకలకును 1995-96 ప్రాంతమున దీనిని వాడిరి. జపానులో వేగపు రైలుపెట్టెలకు వాడిరి. 1999 లో డెల్టా అను అమెరికా రాకెట్టు ఇట్టి యతుకుతో ఎగిరెను. ఎక్లిప్సు అను చిన్న జెట్టువిమానములో ఏడువేలకు పైగా రివెట్లకు బదులుగ దీనిని వేయగా, 2006 లో ప్రభుత్వము అనుమతి నిచ్చినది. ఆ కంపెనీ 2008 లో దివాలా తీసినదిగాని, అది అతుకు చేసిన తప్పు కాదు. 2022 నవంబరులో చంద్రుని చుట్టివచ్చిన నౌకను మోసిన అమెరికా మహారాకెట్టు తొట్ల యడ్డుకొలత 27 అడుగులకు పైబడినది. వాని యతుకులు ఈ కవ్వము చిలికినవే. ఆ తొట్లు చేయునపుడు ఒక దశలో మేకు మార్చగా అతుకు బలము తగ్గినందున కొంతకాలము పని నిలిపివేయవలసి వచ్చెను. కవ్వపు కొన యంత చిన్న సంగతికి అంత పెద్ద పని ఆగినది.

ఇక పాతపీడ మాట. పత్రికలలో కొందఱు ఇది నిర్దోషమైన యతుకని వ్రాసిరి. నా యభిప్రాయమున ఆ మాట అతిశయోక్తి. మీరు జ్ఞాపకముంచుకొనిన సంగతి ఇప్పుడు కావలెను. మెల్లని వేడి తగిలినచో రాగికి తీరిక దొరకునని చెప్పితిని గదా. కవ్వము నడచిన చాలుకు ఇరుప్రక్కల, మేకు తాకనిచోట, వేడిమాత్రము తగిలిన పట్టీ యొక్కటి ఏర్పడును. అచట లోహము చిలుకబడలేదు, తిరిగి గట్టిగా చల్లార్పబడలేదు, ఊరక ఉడికినది. విల్మ్ నాటి సన్నని గుంపులు అక్కడ ముతకబడి, కొన్ని పలుకుల సందులకు చేరును. బలము కొంత తగ్గును. 1990 తరువాతి దశాబ్దపు చివర జింకుమిశ్రమముల యతుకులను ఉప్పునీటిలో పెట్టి చూచిన పరిశోధకులకు, చిలికిన నడిమిభాగము కాక, ఈ ప్రక్కపట్టీయే పలుకుసందులవెంట తినబడి కనిపించినది. 1920 నాటి నీటివిమానములలో కనబడినదే ఇది. రేకంతయు వ్యాపించియున్న వ్యాధి ఇప్పుడు సన్నని గీతలోనికి వచ్చి చేరినదని చెప్పవచ్చును.

ఇంకొక చిక్కు. డిక్స్ పెట్టిన స్వచ్ఛలోహపు పైపొర గలదే, కవ్వపు భుజము దానిని చెదరగొట్టి లోనికి త్రొక్కివేయును. అతుకు గీతపై కళాయి పోయినట్లగును.

అన్ని మిశ్రమములకును ఇంత బాధ లేదు. ఓడలకు, రైళ్లకు వాడు మెగ్నీసియపు మిశ్రమములందును, మెగ్నీసియము సిలికము కలిసినవానియందును అతుకు చాలవఱకు మూలలోహమువలెనే నిలుచును. అందులోను మెగ్నీసియము హెచ్చుగనున్నవి ఎండలో ఏండ్లకొలది కాగినచో వేఱొక విధమున సందులవెంట చెడుట అమెరికా యుద్ధనౌకల పైకట్టడములయందు కనబడినది. అది అతుకుదోషము కాదు, ప్రత్యేకముగ చెప్పదగిన కథ. రాగి, జింకు మిశ్రమములకు మాత్రము ఉపాయములు చేయవలసియున్నది. అతికిన పిదప మొత్తము వస్తువును మరల కాచి చల్లార్చినచో చాలవఱకు కుదురుపడును. కాని ఓడంత తొట్టిని ఏ కొలిమిలో పెట్టగలము? తిరుగుడు వేగమును నడక వేగమును సరిచూచి వేడి తక్కువగ తగులునట్లు చేయుట, నీళ్లు చల్లుచు అతుకుట, గీతపై స్వచ్ఛ అల్యూమినియమును చిమ్మి పూతవేయుట, రంగు వేయుట - ఇవి నేడు జరుగుచున్న పనులు. మన హైదరాబాదునందలి రక్షణ లోహపరిశోధనాలయమునను ఈ యతుకులమీద పరిశోధనలు జరిగినవి.

ఇప్పుడు మీకొక సందేహము కలుగవచ్చును. రాకెట్లవారు తటాలున నందుకొనిన దానిని పెద్ద విమానములవారు ఇంత మెల్లగ నేల అందుకొనుచున్నారు? రాకెట్టు తొట్టికి ఆయువు నిమిషములు. శ్రీహరికోట దీవినే చూడుడు; ఒకప్రక్క పులికాటు సరస్సు, ఒకప్రక్క సముద్రము, నాలుగువైపుల ఉప్పుగాలి. అచటినుండి ఎగురు రాకెట్ల ద్రవయింధనపు తొట్లు అల్యూమినియపు మిశ్రమములతో చేసినవే. కాని తొట్టి మూతలలో, కప్పుల క్రింద, కాపుదలలో ఉండి, ఒక్కసారి ఎగిరి, కొన్ని నిమిషములలో పని తీరి రాలిపోవును. క్షయమునకు వ్యవధి లేదు. ప్రయాణికుల విమానము అట్లు కాదు. ఇరువదిముప్పది యేండ్లు, తొంబదివేల మార్లు, ఎండకు, వానకు, సముద్రపుగాలికి. దానికి వేయు అతుకు మొదటి దినమున ఎంత బలముగ నున్నదన్నది సగము ప్రశ్న. ఇరువదియవ యేట ఎట్లుండునన్నది తక్కిన సగము. ఆ రెండవ సగమునకు ఉప్పునీటి తొట్లలో జవాబు రావలెనన్న ఏండ్లు పట్టును. అందుచే నేటికిని పెద్ద విమానముల పీపాలు రివెట్లతోనే బిగింపబడుచున్నవి.

అయినను ఒక భేదము కలదు. హవాయి విమానమున ఏ రంధ్రపు టంచున పగులున్నదో వెదకుటకు వేలకొలది రివెట్లను ఒక్కొక్కటిగ, రాత్రివేళ, విమానము నిలిచిన కొద్ది గంటలలో, దీపము పట్టుకొని చూడవలసి యుండెను. కవ్వపు అతుకులో చెడు చోటు ముందే తెలియును. అది చాలుకు ఇరుప్రక్కల పోవు సన్నని పట్టీ. పరీక్షకుడు తన యంత్రమును మొదట అక్కడనే ఆనించును, రంగు వేయువాడు మొదటి పూత అక్కడనే పూయును.